ఒకే ఫారం, మూడు పుటలు

(మొహల్లా సర్వే కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడబోయే విషయం వినడానికి చాలా చిన్నది. ఫారాల ద్వారా సేకరించిన సమాచారాన్ని, కంప్యూటర్ భాష ఏదీ నేర్చుకోకుండానే, మనకు కావలసిన రూపంలో తెరమీద పుటలుగా అమర్చుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. ఇది కుర్రవాళ్ల పని కదా, ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాలకు ఇందులో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. మా ఉద్యోగ జీవితమంతా ఫారాల మధ్యనే గడిచింది. ఫారం నింపించుకోవడం తేలిక. నింపిన ఫారాన్ని చూడవలసిన మనిషికి, చూడవలసిన వేళకు, చదవగలిగే రూపంలో చూపించడమే కష్టం. ఈ సంగతి ఆఫీసులో తెలిసి కూడా మొహల్లాలో మరచిపోయాము. అందుకు మూల్యం మేము కాదు, మమ్మల్ని నమ్మిన కుటుంబాలు చెల్లించాయి. కాబట్టి ముందుగా మా తప్పులే చెబుతాము.

మా రెండు తప్పులు

మా మొహల్లాలో ఇంటింటి సర్వే మొదలుపెట్టినప్పుడు గూగుల్ ఫారంలో నలభైకి పైగా ప్రశ్నలు పెట్టాము. పిల్లలు సెల్‌ఫోన్లు పట్టుకుని వీధి వీధీ తిరిగారు. జవాబులన్నీ గూగుల్ షీటులో వచ్చి చేరాయి. ఒక్కొక్క కుటుంబానికి ఒక అడ్డువరుస, ఒక్కొక్క ప్రశ్నకు ఒక నిలువువరుస. షీటు నిండుతుంటే మాకు ఎంతో తృప్తి కలిగింది. పని అయిపోయిందనుకున్నాము.

కొన్ని నెలల తరువాత ఒక విద్యార్థిని స్కాలర్‌షిప్ దరఖాస్తు తిరస్కరణకు గురైంది. పదవ తరగతి మెమోలో ఉన్న తండ్రి పేరుకూ, ఆధార్‌లో ఉన్న తండ్రి పేరుకూ అక్షరాలు కలవలేదన్నది కారణం. గడువు దాటిపోయింది. మేము షీటు తెరిచి వెతికాము. రెండు పేర్లూ మా దగ్గరే ఉన్నాయి. ఒకటి ఎడమవైపు తొమ్మిదవ నిలువువరుసలో, మరొకటి కుడివైపు ఎక్కడో చివర. రెండూ ఒకేసారి మా తెరమీద కనిపించలేదు. సమాచారం మా చేతిలో ఉండి కూడా ఆ అమ్మాయికి ఒక సంవత్సరం నష్టం జరిగింది.

రెండవ తప్పు ఇంతకంటే బరువైనది. అదే షీటు లింకును, 'లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు' అనే అమరికతో, కార్యకర్తల వాట్సాప్ గ్రూపులో పెట్టాము. అక్కడి నుంచి అది ఎన్ని గ్రూపులకు వెళ్ళిందో అల్లాహ్‌కే తెలుసు. ఒక రోజు మగ్రిబ్ నమాజు తరువాత ఒక తండ్రి మమ్మల్ని మసీదు మెట్ల దగ్గర ఆపాడు. "మా అమ్మాయి ఫోన్ నంబరు మీకు ఇచ్చింది ఊరంతా పంచిపెట్టడానికా?" అన్నాడు. ఎవరో తెలియని మనిషి ఆ అమ్మాయికి ఫోన్లు చేస్తున్నాడు. మా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రే లింకు మూసివేశాము. ఆ తండ్రి నమ్మకాన్ని మాత్రం ఇంకా పూర్తిగా తిరిగి పొందలేదు.

ఈ రెండు తప్పులూ చూడడానికి వేరువేరు. మూలం ఒక్కటే. చూడవలసినవారికి కనిపించలేదు, చూడకూడనివారికి కనిపించింది. ఫారం బాగానే ఉంది. దాని జవాబులను ఎవరికి ఏ రూపంలో చూపాలన్న ఆలోచన లేదు. ఈ రోజు మనం నేర్చుకోవలసినది అదే.

రాయడం ఒక బాధ్యత, చూపడం మరొక బాధ్యత

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరాలోని 282వ ఆయత్. అది అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించినది. రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని అందులో ఆదేశం ఉన్నది. రాతపనికి మన ధర్మం ఎంతటి స్థానం ఇచ్చిందో దీనిని బట్టి తెలుస్తుంది. ఒక కుటుంబం తన వివరాలు మనకు చెప్పిందంటే అది మన దగ్గర ఉంచిన అమానత్. పోగొట్టినా ఖియానతే, పంచిపెట్టినా ఖియానతే.

ఇది మన మొహల్లాకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ జరిగింది. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఎవరి పేరు పోయింది, ఎందుకు పోయింది అన్నది సామాన్యునికి తెలిసే రూపంలో లేదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నది. ఆ పేర్లను కారణాలతో సహా జిల్లా ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో బూత్‌ల వారీగా ఉంచాలని, ఓటరు గుర్తింపు కార్డు సంఖ్యతో వెతుక్కునే వీలు ఉండాలని, పంచాయతీ, బ్లాకు కార్యాలయాలలో కాగితంమీద కూడా ప్రదర్శించాలని ఆదేశించింది. గమనించండి. కోర్టు కోరినది కొత్త సమాచారం కాదు. ఉన్న సమాచారాన్ని ఫలానా విధంగా అమర్చి చూపమని కోరింది. అమరిక మారితే ఒక మనిషి తన పేరును వెతుక్కోగలడు, అభ్యంతరం చెప్పుకోగలడు. అమరిక లేకపోతే హక్కు ఉండి కూడా లేనట్టే.

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. ముస్లింల స్థితిగతులను అంకెలతో నిరూపించిన ఆ నివేదిక, వివిధ సామాజిక వర్గాల సమాచారాన్ని ఒకచోట చేర్చే జాతీయ సమాచార నిధి ఉండాలని సిఫారసు చేసింది. ప్రభుత్వాలు చేయవలసింది ప్రభుత్వాలు చేయాలి, మనం అడుగుతూనే ఉండాలి. మన వీధికి సంబంధించిన చిన్న నిధిని మాత్రం మనమే సక్రమంగా ఉంచుకోవచ్చు.

రిజిస్టర్ల నుంచి నేర్చుకున్న పాఠం

మన ప్రాంతపు ప్రభుత్వ కార్యాలయాలలో టాటెన్‌హామ్ పద్ధతి అనే పాత దస్త్రాల విధానం ఉండేది. తపాలులో వచ్చిన ఒక కాగితం డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో నమోదై ఒక నంబరు పొందేది. తరువాత సంబంధిత గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో చేరేది. అక్కడ ఆ కాగితంమీద ఏ తేదీన ఏ చర్య జరిగిందో తెలిసేది. పై అధికారికి మాత్రం నెలాఖరున ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్క వెళ్ళేది. కాగితం ఒకటే. చూసే మనిషిని బట్టి రూపం మారింది. నంబరు మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మన సర్వేకు కూడా ఇదే సూత్రం. ఒకసారి అడగాలి, మూడు విధాల చూపాలి. కుటుంబానికి ఒక పుట, కార్యకర్తకు ఒక పుట, ప్రజలకు ఒక పుట. కంప్యూటరు ముందు కూర్చునే ముందే ఈ మూడు పుటలను తెల్ల కాగితంమీద పెన్సిలుతో గీయండి. ఏ గడి ఎక్కడ ఉండాలో కాగితంమీద తేలితే ఫారంలో ఏ ప్రశ్నలు అవసరమో కూడా తేలుతుంది. మేము అలా గీసి చూసినప్పుడు మా నలభై ప్రశ్నలలో సగానికి ఏ పుటలోనూ చోటు లేదు. వాటిని తీసివేశాము. పుటలో చోటు లేని ప్రశ్నను మనిషిని అడగకూడదు.

ఫారం ఎలా ఉండాలి

వీధి పేరు, వార్డు, పత్రం రకం వంటివి టైపు చేయించకండి. డ్రాప్‌డౌన్ జాబితా ఇవ్వండి. ఒకే వీధిని నలుగురు నాలుగు రకాలుగా రాస్తే అది లెక్కలో నాలుగు వీధులవుతుంది.

పేర్ల విషయంలో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా నడవాలి. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, పదవ తరగతి మెమో, ఈ నాలుగింటిలో ఇంగ్లీషులో ఎలా ఉన్నదో అక్షరం అక్షరం చూసి రాయాలి. మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంగ్లీషు స్పెల్లింగు చివర 'హెచ్' ఉన్న షేక్, లేని షేక్, 'ఎస్.కె.' అని కుదించిన షేక్, ముగ్గురూ ఒకే ఇంటివారు. మొహమ్మద్ ఒకచోట పూర్తిగా ఉంటుంది, మరొకచోట 'ఎం.డి.' అవుతుంది. ఆడవారి పేర్ల చివర బీ, బీబీ, బేగం మారిపోతూ ఉంటాయి. ఇంటి పేరు ఒక పత్రంలో ముందు, మరొక పత్రంలో వెనుక ఉంటుంది. కార్యకర్తలు ఈ తేడాలను దయచేసి సరిదిద్దకండి. తప్పును తప్పుగానే రాసుకోవాలి. మనం వెతుకుతున్నది ఆ తప్పునే.

ఏ గడీ ఖాళీగా వదలవద్దు. కార్డు లేకపోతే 'లేదు' అని, చూపకపోతే 'చూడలేదు' అని ఎంచుకునే వీలు ఉంచండి. ఖాళీ గడికి అర్థం ఎవరూ చెప్పలేరు. కార్యాలయంలో నిల్ రిపోర్టు కూడా ఒక రిపోర్టే.

ప్రతి ఇంటికీ ఒక చీటీమీద సంఖ్య రాసి ఇవ్వండి. ఫారంలో మొదటి గడి ఆ సంఖ్యే. ఆధార్ సంఖ్య అడగవద్దు. మనకు కావలసింది అందులోని పేరు మాత్రమే. ఫారం మొదట్లో ఈ వివరాలు ఎందుకు తీసుకుంటున్నామో, ఎవరు చూస్తారో, ఎప్పుడు తొలగిస్తామో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి, చదివి వినిపించి, సమ్మతి తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా సమ్మతి నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలో గాని పొందే వీలు ఉండాలంటుంది. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి.

మరొక జాగ్రత్త. గూగుల్ ఫారం సెట్టింగులలో ఫలితాల సారాంశాన్ని జవాబు ఇచ్చినవారికి చూపే మీట ఒకటి ఉంటుంది. అది తెరిచి ఉంటే టైపు చేసిన జవాబులు కూడా ఇతరులకు కనిపిస్తాయి. దానిని మూసి ఉంచండి.

మూడు పుటలు

ఇక అమరిక. జవాబులు చేరిన గూగుల్ షీటులో కుడివైపు చివర మూడు నిలువువరుసలు మనమే చేర్చాలి: చేయవలసిన పని, బాధ్యుడు, తదుపరి తేదీ. తరువాత ఎక్స్‌టెన్షన్స్ మెనూలో యాప్‌షీట్ అనేదానిని ఎంచుకుంటే, షీటులోని నిలువువరుసలను చదివి అది ఒక చిన్న యాప్‌ను తయారుచేస్తుంది. అది సెల్‌ఫోనులోనూ, కంప్యూటరు బ్రౌజరులోనూ తెరుచుకుంటుంది. కొద్దిమందితో పరీక్షించుకునేంతవరకు రుసుము లేదు. ఒకే షీటుమీద ఎన్ని రకాల వ్యూలనైనా, అంటే పుటలనైనా, ఇందులో అమర్చవచ్చు. గడుల వరుసను పైకీ కిందికీ జరపడమే మీరు చేసే పని.

మొదటిది కుటుంబ పుట. దీనికి డిటైల్ వ్యూ సరిపోతుంది. ఒక ఇల్లు, ఒక తెర. పైన ఇంటి సంఖ్య. దాని కింద నాలుగు పత్రాలలోని పేర్లు ఒకదాని కింద ఒకటి. వాటి కింద చేయవలసిన పని, తేదీ. నలభై వరుసల షీటులో మాకు కనిపించని తేడా ఇక్కడ చదువు రాని తల్లికి కూడా కనిపిస్తుంది. పైదానికీ కిందదానికీ అక్షరాలు ఒకటిగా లేవని ఆమె వేలు పెట్టి చూపగలదు. షీటులోనే ఫార్మాట్ మెనూలోని కండిషనల్ ఫార్మాటింగ్ ద్వారా, రెండు గడులు సమానం కానప్పుడు ఎర్రరంగు వచ్చేలా కూడా చేయవచ్చు. దానికి రాయవలసిన సూత్రం కూడిక సూత్రమంత చిన్నది.

ఎర్రరంగు వచ్చిన ప్రతిదీ తప్పు కాదు. ఒక పత్రంలో తండ్రి పేరు, మరొక పత్రంలో భర్త పేరు ఉండటం తప్పు కాదు. రంగు మనల్ని అడగమంటుంది అంతే. తీర్పు కుటుంబంతో మాట్లాడిన తరువాతనే. సరిదిద్దవలసి వస్తే ఓటరు జాబితాలో పేరు సవరణకు ఫారం 8. కొత్తగా చేర్చడానికి ఫారం 6. ఒక పేరుపై అభ్యంతరానికి ఫారం 7. 18 ఏళ్ళు నిండేవారికి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని సంవత్సరానికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి. వీటిని కూడా కుటుంబ పుట అడుగున స్థిరంగా చూపవచ్చు.

రెండవది కార్యకర్త పుట. ఇందులో వీధుల వారీగా, తదుపరి తేదీల వరుసలో మిగిలిన పనులు మాత్రమే ఉండాలి. ఇంటి సంఖ్య, పని, తేదీ చాలు. తీరిన పనులు కనిపించకుండా స్లైస్ అనే సదుపాయంతో వేరుచేయవచ్చు. అయితే స్లైస్ దాచుతుంది గాని కాపాడదు. ఒక వీధి కార్యకర్తకు మరొక వీధి వివరాలు అసలు చేరకుండా ఉండాలంటే సెక్యూరిటీ ఫిల్టర్ పెట్టాలి, ప్రతి ఒక్కరూ తమ ఈమెయిల్‌తో ప్రవేశించేలా చేయాలి. షీటులో ఒక ట్యాబును హైడ్ చేస్తే భద్రమని కూడా అనుకోవద్దు. షీటు కాపీ చేసుకున్నవాడు దానిని తెరిచి చూడగలడు.

మూడవది ప్రజల పుట. దీనికి గూగుల్ సైట్స్‌లో ఒక పేజీ చాలు. ఎన్ని కుటుంబాలను కలిశాము, ఎన్ని పేర్ల తేడాలు తేలాయి, ఎన్ని సరి అయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఇంతే. పేర్లు, నంబర్లు, ఇళ్ళు ఉండకూడదు. ఈ మొత్తాలను అసలు షీటు నుంచి చూపకండి. పూర్తిగా వేరే షీటు తెరిచి అంకెలు మాత్రమే రాసి, దానిని పేజీలో పెట్టండి. అసలు షీటు 'రిస్ట్రిక్టెడ్' గానే ఉండాలి, ఇద్దరు ముగ్గురు బాధ్యుల చేతిలోనే ఉండాలి. అంకెల్లోనూ ఒక ప్రమాదం ఉన్నది. ఒక వీధిలో 'ఒంటరి మహిళలు: 1' అని రాస్తే ఆమె ఎవరో వీధి మొత్తానికి తెలుస్తుంది. అంకె అయిదుకు తగ్గితే పక్క వీధితో కలిపి చూపండి.

ఇంత చేశాక కుటుంబ పుటను తప్పక కాగితంమీద ముద్రించి ఇవ్వండి. తెర లేని ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. ఉర్దూ చదివే పెద్దలకు ఆ కాగితంలో శీర్షికలు ఉర్దూలోనూ ఉంచండి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కనుక గడుల వరుసను కూడా అలాగే తిప్పాలి. లేకపోతే పేరు ఒకచోట, పత్రం మరొకచోట చదువుకుంటారు. ఆ కాగితాన్ని కుటుంబ పెద్ద చూసి, సరియే అని సంతకం చేయాలి. అప్పుడే మన రికార్డుకు సాక్ష్యం ఉన్నట్టు.

ఇక మీ వంతు

ఇవన్నీ ఒక్కరోజులో చేయమని మేము చెప్పడం లేదు. ఈ సమావేశం ముగిశాక ప్రతి ఒక్కరూ తమ వీధిలో పది ఇళ్ళు మాత్రమే తీసుకోండి. మొదట మీ ఇల్లు, తరువాత పక్క ఇల్లు. మీ తల్లి పేరు నాలుగు పత్రాలలో ఎలా ఉన్నదో మీలో ఎంతమందికి తెలుసు? అక్కడి నుంచే మొదలుపెట్టండి. పది ఇళ్ళ పుటలు సరిగ్గా కుదిరిన తరువాతనే పదకొండవ ఇంటి తలుపు తట్టండి.

మసీదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపిన ఆ తండ్రికి మేము మొన్న కుటుంబ పుట కాగితం ఇచ్చాము. ఆయన దానిని రెండుసార్లు చదివాడు. ఫోన్ నంబరు ఎక్కడుందని అడిగాడు. తీసివేశామని చెప్పాము. భార్య పేరులో ఒక అక్షరం తేడాను ఆయనే చూపించాడు. తరువాత జేబులోంచి పెన్ను తీసి సంతకం చేశాడు. మాకు ఇంతకంటే పెద్ద ధ్రువపత్రం అవసరం లేదు.

రాసినదాన్ని న్యాయంగా రాసే శక్తిని, అప్పగించినదాన్ని అమానత్‌గా కాపాడే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.